కథలలోని చిన్న వ్యోమనౌక – ఒక విమర్శ

పెద్ద వాహనము అన్ని చోట్లకు పోజాలదు. ప్రొద్దుటూరు నుండి జమ్మలమడుగునకు పోవు బస్సు రోడ్డు ప్రక్కన మనలను దించి సాగిపోవును. అక్కడ నుండి పొలముల నడుమ ఉన్న పల్లెను చేరుటకు ఆటో కావలెను. కాకినాడ రేవులో పెద్ద ఓడలు తీరమునకు దూరముగ లంగరు వేసి నిలుచును. సరుకును బార్జీలు చేరవేయును. వ్యోమయాన కథలు వ్రాయువారు కూడ ఈ అవసరమును త్వరలోనే గుర్తించినారు. నక్షత్రముల మధ్య తిరుగు మాతృనౌక ఒకటి. దానినుండి విడివడి, గ్రహముపై దిగి, చుట్టుపట్ల పరిశీలించి, మరల దానినే చేరుకొను చిన్న నౌక మరియొకటి. ఈ రెండవదానిని ఈ వ్యాసములో ఉపనౌక అని పిలుతము.

బొమ్మగా చూచిన ఉపనౌక పిల్లల ఆటవస్తువువలె కనబడును. కాని దానిని విమర్శకు పెట్టుట వృథాశ్రమ కాదు. మన విద్యార్థులు కక్ష్య, భారరహితస్థితి, ఇంధనము అను మాటలను పాఠ్యపుస్తకముకంటె ముందుగ చలనచిత్రములలోనే వినుచున్నారు. అక్కడ మనసున నాటుకొనిన తప్పును తరగతిలో పెరికివేయుట కష్టము. ప్రొద్దుటూరులో భౌతికశాస్త్రము చెప్పుచు, ఇంజను ఆగిపోయిన ఉపగ్రహము ఏమగునని నేను అడిగినప్పుడెల్ల, అది వెంటనే క్రిందపడునని చెప్పువారు ఉందురు. ఈ అభిప్రాయము వారికి ఏ గురువు నేర్పినది కాదు, తెర నేర్పినది. కావున ఇట్టి కథలలో ఏది నిలుచును, ఏది నిలువదు అని తెలిసికొనుట ఉపాధ్యాయునకు అవసరము.

మన తీరము నేర్పిన పాఠము

ఉపనౌకను గురించి ఆలోచించుటకు అమెరికాకు పోనక్కరలేదు. రేవులు కట్టని కాలమున కోరమండల్ తీరమున పెద్ద ఓడలు ఒడ్డునకు రాలేకుండెడివి. అలలు విరుగు చోటును దాటించి మనుషులను, సరుకును ఒడ్డు చేర్చినది మసూలా పడవ. ఆ పేరులోనే మన మచిలీపట్నము వినిపించును. దాని పలకలను మేకులతో బిగించెడివారు కాదు. కొబ్బరి పీచు త్రాళ్లతో కుట్టెడివారు. అల వచ్చి కొట్టినప్పుడు పడవ కొంత వంగి ఆ దెబ్బను ఓర్చుకొనెడిది. మేకులతో బిగించిన గట్టి పడవ అదే అలకు పగిలిపోవచ్చును.

ఇందు ఒక సూత్రము కలదు. చిన్న పడవ రూపమును నిర్ణయించునది నడిసముద్రము కాదు, తీరము. ఉపనౌక విషయమున కూడ ఇంతే. అది తిరుగు శూన్యాకాశము దానికి పెద్ద పరీక్ష కాదు. అది దిగవలసిన నేల, అక్కడి గాలి, అక్కడి గురుత్వాకర్షణ – ఇవి పరీక్షలు. ఏ కథలోని ఉపనౌకను చూచినను మొదట అడుగవలసిన ప్రశ్న ఇది: ఇది ఏ తీరమునకు కుట్టిన పడవ?

గెలీలియో

ఉపనౌకలలో మిక్కిలి ప్రసిద్ధమైనది అమెరికా టెలివిజన్ ధారావాహిక స్టార్ ట్రెక్‌లోని గెలీలియో. 1966లో మొదలైన ఈ ధారావాహికలో మాతృనౌక పేరు ఎంటర్‌ప్రైజ్. ప్రతి వారము ఒక గ్రహముపై నౌకను దింపి చూపుటకు ఖర్చు ఎక్కువగునని, మనుషులను మెరుపువలె మాయముచేసి నేలపై ప్రత్యక్షము చేయు యంత్రమును నిర్మాతలు కల్పించినారు. ఉపనౌక తరువాత వచ్చినది. ప్లాస్టిక్ బొమ్మనమూనాలు అమ్ము ఎ.ఎం.టి. అను కంపెనీ, బొమ్మలు అమ్ముకొను హక్కునకు బదులుగ, పెద్ద నమూనాను తన ఖర్చుతో కట్టించి ఇచ్చినది. 1967 జనవరి 5న ప్రసారమైన "ది గెలీలియో సెవెన్" అను భాగములో ఆ ఉపనౌక మొదటిసారి తెరకెక్కినది. చాల ఏండ్లు పాడుపడి ఉండిన ఆ నమూనాను బాగుచేసి, 2013లో హ్యూస్టన్‌లోని అంతరిక్ష ప్రదర్శనశాలలో ఉంచినారు.

కథ సులభమైనది. ఏడుగురితో బయలుదేరిన గెలీలియో దారి తప్పి ఒక అపరిచిత గ్రహముపై కూలును. ఇంధనము కారిపోవును. ఆ గ్రహవాసులు భీమకాయులు, దాడి చేయుదురు. నాయకుడు స్పాక్ తర్కమును తప్ప మరి దేనిని నమ్మనివాడు. ఇంజనీరు స్కాట్ అందరి చేతి ఆయుధములలోని శక్తిని తోడి ఇంధనమునకు బదులు వాడును. అయినను బరువు ఎక్కువ. అయిదువందల పౌనులు, అనగా ముగ్గురు మనుషుల బరువు, దిగవిడువవలెను. ఎవరిని విడుచుట?

ఈ ప్రశ్నయే కథకు ప్రాణము. మాతృనౌక సర్వశక్తిమంతము, దానిలో ఉన్నంతవరకు బరువు, ఇంధనము, దూరము అను మాటలే రావు. ఉపనౌకలోనికి ఎక్కగానే ప్రతి పౌను లెక్కకు వచ్చును. ఆ పరిమితియే మనుషుల స్వభావములను బయటపెట్టును. ఇది రచయితలు సరిగా పట్టిన విషయము. కాని వారు తామే వేసిన ప్రశ్నను చివరివరకు ఎదుర్కొనలేదు. భీమకాయుల చేతిలో ఇద్దరు చనిపోవుదురు. ఎవరిని విడుచుట అను సమస్య చాలవరకు దానంతటదే తీరిపోవును. నిర్ణయము చేయవలసిన నాయకుని చేతినుండి రచయితలు నిర్ణయమును లాగికొన్నారు. విమర్శకునికి ఇది లోపముగ తోచును.

లెక్క చూచినచో

ఇక శాస్త్రము సంగతి. ఆ గ్రహము భూమివంటిదే అనుకొందము. భూమికి సమీప కక్ష్యలో తిరుగుటకు వేగము సెకనుకు సుమారు 7.9 కిలోమీటర్లు ఉండవలెను. ఒక కిలోగ్రాము ద్రవ్యరాశికి ఈ వేగము కలిగించుటకు కావలసిన శక్తి, ½ వే² సూత్రము ప్రకారము, 3 కోట్ల 12 లక్షల జౌళ్లు. మన ఇంటి కరెంటు మీటరులో ఒక యూనిట్ అనగా 36 లక్షల జౌళ్లు. కావున కిలోకు దాదాపు ఎనిమిదిన్నర యూనిట్లకు పైగా కావలెను.

కథలో గెలీలియో పొడవు 24 అడుగులు. బరువు 10 టన్నులని ఉజ్జాయింపుగ తీసికొందము. అప్పుడు మొత్తము సుమారు 87,000 యూనిట్లు. నెలకు 100 యూనిట్లు వాడు ఇంటికి ఇది 72 ఏండ్ల కరెంటు. ఏడు ఆయుధములకు పంచినచో ఒక్కొక్కదానిలో 12,400 యూనిట్లు దాగి ఉండవలెను. ఆ శక్తి ఒక్కసారిగ విడుదలైనచో పది టన్నుల టి.ఎన్.టి. ప్రేలుడుతో సమానము. దానిని నడుమునకు తగిలించుకొని తిరుగువారి ధైర్యమును మెచ్చుకొనవలసినదే! గాలి రాపిడిని, పైకి ఎక్కుటకు కావలసిన అదనపు శక్తిని ఈ లెక్కలో కలుపనే లేదు.

కల్పనకు ఇంత స్వేచ్ఛ ఉండరాదా? ఉండవచ్చును. భవిష్యత్తులో అట్టి బ్యాటరీ రావచ్చునని రచయిత అనుకొనుటలో తప్పు లేదు. కాని అంత శక్తిని అరచేతిలో పట్టించిన నాగరికతకు 227 కిలోల బరువు ఎందుకు అడ్డమైనదని మాత్రము అడుగవలెను. పది టన్నులలో అది నూటికి రెండు పాళ్లకు కొంచెము ఎక్కువ. ఆయుధమును అంత పెద్దది చేసి, బరువును ఇంత చిన్నది చేయుటలో కథ తన కొలబద్దను తానే మరచినది. శాస్త్రకల్పనలో అసాధ్యమును క్షమింపవచ్చును. పొంతన లేకపోవుటను క్షమించుట కష్టము.

ఇంజను ఆగిన పడిపోవునా?

కథ ముగింపులో గెలీలియో కక్ష్యను చేరును గాని ఇంధనము కొద్దిగానే మిగులును. అది అయిపోగానే నౌక క్రిందికి దిగజారి మండిపోవునని అందరు ఎదురుచూతురు. స్పాక్ మిగిలిన ఇంధనమును ఒక్కసారిగ బయటికి విడిచి మంట పెట్టును. ఆ వెలుగును చూచి మాతృనౌక వారిని రక్షించును. తర్కమే సర్వమని నమ్మినవాడు సాహసము చేసెనని కథ సారాంశము. నాటకముగ ఇది మంచి ముగింపు.

శాస్త్రముగ చూచినచో రెండు చిక్కులు కలవు. మొదటిది, తగిన వేగముతో కక్ష్యను చేరిన వస్తువునకు తిరుగుటకు ఇంధనము అక్కరలేదు. చంద్రుడు ఏ ఇంజను లేకయే భూమిని చుట్టుచున్నాడు. కక్ష్యలోని వస్తువు నిరంతరము పడుచునే ఉండును. కాని ప్రక్కకు పోవు వేగము వలన నేలను తాకక చుట్టి వచ్చును. కక్ష్య మిక్కిలి తక్కువ ఎత్తులో ఉన్నచో మాత్రము పలుచని గాలి రాపిడి దానిని మెల్లగా దింపును. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమును కూడ ఇందుకే అప్పుడప్పుడు కొంచెము పైకి నెట్టుదురు. గెలీలియో అట్టి తక్కువ కక్ష్యలో ఉన్నదని ఒక్క వాక్యము చెప్పినచో కథ నిలిచెడిది. ఆ వాక్యము లేకపోవుట వలన చూచువానికి "ఇంజను ఉన్నంతసేపే కక్ష్య" అను తప్పు పాఠము అందుచున్నది.

రెండవది, శూన్యములో మంట. మండుటకు ఆక్సిజన్ కావలెను. అది బయట లేదు. ఇంధనముతోపాటు ఆక్సీకారిణిని కూడ విడిచినచో వెలుగు రావచ్చును. రాకెట్టు శూన్యములో పనిచేయుటకు కారణము, తనకు కావలసిన ఆక్సిజన్‌ను తానే మోసికొని పోవుటయే. ఈ దృశ్యము చూపి విద్యార్థులను ప్రశ్నించినచో దహనము, రాకెట్టు అను రెండు పాఠములు ఒకేసారి చెప్పవచ్చును. తప్పుగల కథ కూడ మంచి పాఠమునకు పనికివచ్చునని ఇందువలన తెలియును.

కనికరము లేని లెక్క

ఈ సమస్యనే మరింత కఠినముగ చెప్పిన కథ టాం గాడ్విన్ వ్రాసిన "ది కోల్డ్ ఈక్వేషన్స్". 1954 ఆగస్టులో అస్టౌండింగ్ అను అమెరికన్ పత్రికలో వచ్చినది. ఒక గ్రహముపై జ్వరముతో ఉన్నవారికి మందు తీసికొనిపోవు చిన్న నౌక. దానిలో ఒక్క చోదకునికే సరిపోవు ఇంధనము. అన్నను చూడవలెనను కోరికతో పదునెనిమిదేండ్ల యువతి దొంగతనముగ ఎక్కి దాగి ఉండును. ఆమె బరువుతో నౌక దిగజాలదు, కూలిపోవును. అప్పుడు మందు అందక అక్కడివారు కూడ చనిపోవుదురు. గెలీలియో కథవలె ఇది తప్పించుకొనదు. ప్రకృతి నియమమునకు దయ ఉండదను సత్యమును చివరివరకు నిలబెట్టును.

అయినను ఇంజనీరు ఈ కథను చదివి తల అడ్డముగ ఊపును. ఏ వాహనమునకైనను కొంత మిగులు ఇంధనము ఉంచుట మొదటి నియమము. అంత ప్రమాదమున్న నౌక తలుపునకు తాళము లేదా? బయలుదేరుటకు ముందు లోపల ఎవరున్నారో చూచువారు లేరా? ఆ యువతిని చంపినది గురుత్వాకర్షణ సమీకరణము కాదు, నిర్లక్ష్యముగ వ్రాసిన నియమావళి అని తరువాతి విమర్శకులు చెప్పినారు. ఈ విమర్శ న్యాయమైనదని నా అభిప్రాయము. మనుషులు చేసిన తప్పును ప్రకృతిపైకి నెట్టుట శాస్త్రదృష్టి కాదు. మన ఊళ్లలో కిక్కిరిసిన ఆటో బోల్తాపడినప్పుడు దానిని విధి అనుటకును, దీనికిని భేదము కొంచెమే.

పుష్పకము మొదలు బుజ్జి వరకు

తెలుగువారి ఊహలో ఎగురు వాహనము అనగానే పుష్పకము గుర్తుకు వచ్చును. ఎందరు ఎక్కినను ఇంకొకరికి చోటు మిగులుట దాని మహిమ. ఇది అందమైన కల్పన; కాని గెలీలియోకు సరిగా ఎదురు కొసన ఉన్నది. ఒకటి పరిమితి లేని వాహనము, మరియొకటి పరిమితియే కథగా గలది. పురాణమునకు మొదటిది తగును. శాస్త్రకల్పనకు రెండవది కావలెను. మన చలనచిత్రములు ఏ దారిన నడచినవి?

1991లో సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వమున వచ్చిన "ఆదిత్య 369" లోని కాలయంత్రము ఒక విధముగ ఉపనౌకయే. అది దూరమును గాక కాలమును దాటును, కొద్దిమందినే మోయును, చెడిపోవును. శ్రీకృష్ణదేవరాయల కాలమునకు పోయినవారు మరలివచ్చునప్పుడు యంత్రలోపము వలన తమ కాలమునకు గాక 2504వ సంవత్సరమునకు చేరుదురు. యంత్రము చెడుటయే కథను నడిపించినది. దాని శక్తి ఎక్కడిదో ఎవరు చెప్పకపోయినను, యంత్రమునకు హద్దు ఉండునను మూలసూత్రమును ఆ చిత్రము పాటించినది. ఇన్నేండ్ల తరువాత కూడ అది రుచించుటకు ఇదియొక కారణము.

2018లో సంకల్ప్ రెడ్డి తీసిన "అంతరిక్షం 9000 కె.ఎం.పి.హెచ్." పేరే ఒక లెక్క. గంటకు 9,000 కిలోమీటర్లు అనగా సెకనుకు 2.5 కిలోమీటర్లు. భూమికి దగ్గరి కక్ష్యకు గంటకు సుమారు 28,000 కిలోమీటర్లు కావలెను. కావున పేరులోని వేగము భూమికి చాల దూరమున, 57,000 కిలోమీటర్లకు పైబడిన ఎత్తున తిరుగు వస్తువునకు మాత్రమే సరిపోవును. ఇంటర్మీడియేట్ విద్యార్థికి ఇది చక్కని అభ్యాసము.

2024 జూన్ 27న విడుదలైన నాగ్ అశ్విన్ చిత్రము "కల్కి 2898 ఎ.డి." లో బుజ్జి అను మాటలాడు వాహనము నాయకునితో సమానమైన పాత్ర. ముందు రెండు పెద్ద చక్రములు, వెనుక ఒకటి. దానిని కంప్యూటరు బొమ్మగా విడిచిపెట్టక, నిజముగ నడచునట్లు కోయంబత్తూరులో కట్టించినారు. బరువు సుమారు ఆరు టన్నులు. దానిని కట్టిన ఇంజనీర్లు బరువు, మలుపు, మోటారు శక్తి అను చిక్కులను కార్ఖానాలో ఎదుర్కొన్నారు. ఆ చిక్కులు కథలోనికి కూడ వచ్చి ఉన్నచో ఎంత బాగుండెడిది! తెరపై వాహనము ఎంత గొప్పదో చూచితిమి. అది ఏమి చేయలేదో తెలిసి ఉన్నచో దానిని మరింత ప్రేమించి ఉందుము.

కథ కాని ఉపనౌకలు

గెలీలియో ప్రసారమైన రెండున్నర ఏండ్లకే నిజమైన ఉపనౌక ఒకటి మరియొక గోళముపై దిగెను. 1969 జులై 20న చంద్రునిపై దిగిన ఈగిల్‌కు నున్నని రూపము లేదు. సాలీడువలె కాళ్లు, మడతల రేకు. గాలి లేని చోట నున్నని రూపమెందుకు? ఉష్ణకవచము కూడ లేదు. ఏలయన అది భూమికి రానక్కరలేదు. అది చంద్రుని తీరమునకు మాత్రమే కుట్టిన మసూలా పడవ. దిగునప్పటికి దానిలో నిమిషమునకు లోపే సరిపడు ఇంధనము మిగిలినది. తిరిగి పైకెగసిన భాగము సుమారు 4.7 టన్నులు, అందులో సగము ఇంధనమే. బయలుదేరుటకు ముందు వ్యోమగాములు వీపున మోసిన ప్రాణవాయు సంచులను తలుపు తెరచి చంద్రునిపై పారవేసినారు. గెలీలియోలో వేసిన "ఏమి విడుచుట" అను ప్రశ్న ఇక్కడ నిజమైనది. 227 కిలోలనగా ఈ భాగములో ఇంధనము పోగా మిగిలిన బరువులో పదవ వంతు. స్టార్ ట్రెక్ రచయితల అంకెలు తప్పినను వారి ఊహ తప్పలేదు.

చంద్రునికి దగ్గరి కక్ష్యావేగము సెకనుకు 1.7 కిలోమీటర్లు మాత్రమే. కిలోకు కావలసిన శక్తి భూమిపై కావలసినదానిలో సుమారు ఇరువది రెండవ వంతు. అందువలననే అంత చిన్న నౌక తిరిగి ఎగురగలిగినది. అదే భూమినుండి ఎగురవలెనన్నచో, మేలైన హైడ్రోజన్–ఆక్సిజన్ ఇంజను ఉన్నను, బరువులో ఆరింట అయిదు పాళ్లు ఇంధనమే ఉండవలెను. గాలి రాపిడిని కలిపినచో ఇంకను ఎక్కువ.

మన నేలనుండి కూడ ఉపనౌక పోయినది. 2023 జులై 14న శ్రీహరికోట నుండి చంద్రయాన్–3 బయలుదేరినది. ఆగస్టు 23న విక్రమ్ చంద్రుని దక్షిణ ధ్రువప్రాంతమునకు సమీపమున దిగినది. ప్రజ్ఞాన్‌తో కలిపి విక్రమ్ ద్రవ్యరాశి సుమారు 1,750 కిలోలు. చంద్రునిపై దాని భారము సుమారు 2,835 న్యూటన్లు. దానికున్న నాలుగు ఇంజన్లలో ఒక్కొక్కటి 800 న్యూటన్ల బలము ఇచ్చును, మొత్తము 3,200. ఎంత దగ్గరి లెక్కయో చూడుడు. 26 కిలోల ప్రజ్ఞాన్ వంద మీటర్లకు కొంచెము ఎక్కువ దూరము తిరిగినది. సెప్టెంబరు 3న విక్రమ్ మరల ఇంజన్లను వెలిగించుకొని సుమారు 40 సెంటీమీటర్లు పైకి లేచి, జానెడు దూరమునకు కొంచెము ఎక్కువగ ప్రక్కకు జరిగి దిగినది. చలనచిత్రములో ఈ దృశ్యము పెట్టినచో ప్రేక్షకులు నవ్వుదురు. కాని మరియొక గోళముపై దిగి తిరిగి లేచుటకు అది మన మొదటి అడుగు. ఒక జానెడు ఎగురుటకు ఎంత పని పట్టునో తెలిసినవానికే గెలీలియో ఎగురుట అద్భుతముగ కనబడును.

తరగతిలో ఏమి చేయవచ్చును?

ఈ విమర్శ ఉద్దేశము కథలను తరగతినుండి వెళ్లగొట్టుట కాదు. ఉపనౌక కథను మూడు ప్రశ్నలతో పరీక్షింపవచ్చును. ఏ తీరమునకు కట్టినది? ఎంత మోయును, ఎంత దూరము పోవును? తాను చెప్పిన హద్దులను చివరివరకు పాటించినదా? మొదటిదానికి భూగోళము, రెండవదానికి భౌతికశాస్త్రము, మూడవదానికి నిజాయితీ కావలెను.

తరువాత విద్యార్థులనే వ్రాయమనవచ్చును. వేరొక లోకపు మాతృనౌక మన జిల్లా మీదుగ పోవు కక్ష్యలో తిరుగుచున్నదని అనుకొందము. గండికోట వద్ద పెన్న కోసిన లోయలోని రాతి పొరలను పరిశీలించుటకు నలుగురితో ఒక ఉపనౌక దిగవలెను. దిగుటకు చదునైన చోటు ఎక్కడ? రాళ్లు ఎన్ని కిలోలు తీసికొనిపోవచ్చును? ఆ రాళ్లకు బదులు ఏమి దిగవిడువవలెను? పులివెందులలోనో, జమ్మలమడుగులోనో ఒక హైస్కూలు పిల్లవాడు ఈ లెక్క వేసి, దానిచుట్టు కథ అల్లినచో అతనికి రాకెట్టు సూత్రము మరపురాదు. తెలుగున మంచి శాస్త్రకల్పన రావలెనన్నచో పుష్పకమునకు ఇంకొక ఆసనము చేర్చుట చాలదు. ఆసనములు ఎన్నియో ముందుగ లెక్కపెట్టి, ఆ లెక్కకు కట్టుబడి వ్రాయువారు కావలెను.